"జొక్తంగ్హి" అంటే "తగిన విధంగా" అని కాదా? కొరియన్ భాష వచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

హ్వాసొంగ్ నుంచి (కొరియా వచ్చి ఐదు నెలలు)

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఇక్కడ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో చేస్తున్నా, సాయంత్రాలు కీప్ (విదేశీయులకి ఇక్కడి ప్రభుత్వం పెట్టే కొరియన్ క్లాసులు) రెండో లెవెల్ క్లాసుకి వెళ్తున్నా. ఒక మాట దగ్గర ఆగిపోయాను. మొన్న మీటింగులో ఒక రిపోర్ట్ ఎవరు చేస్తారని మా టీమ్‌జాంగ్‌నిమ్ (టీమ్ లీడర్‌గారు) అడిగితే నేను ధైర్యం చేసి "జెగా జొక్తంగ్హి హగెస్సుమ్నిదా" అన్నా. తగిన విధంగా చేస్తాను అనే ఉద్దేశంతోనే అన్నా, యాప్‌లో అర్థం అలాగే ఉంది. అందరూ ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయారు, టీమ్‌జాంగ్‌నిమ్ ఏమీ అనకుండా తర్వాత విషయానికి వెళ్ళిపోయారు. పక్క సీటు సీనియర్ బయటికొచ్చాక "ఆ మాట అక్కడ వాడకూడదు" అని మాత్రం చెప్పాడు. పుస్తకంలో చూస్తే తగిన, సరైన అనడానికి జొక్తంగ్‌హదా, జొక్జొల్‌హదా, అల్మత్తా, మత్తంగ్‌హదా అని నాలుగు ఉన్నాయి, నాలుగింటికీ ఇంచుమించు ఒకటే అర్థం రాశారు. ఏది ఎక్కడ వాడాలి? శుక్రవారం ఆ రిపోర్ట్ పంపాలి, దాంతోపాటు రెండు లైన్లు రాసి ఆ మాట సరిచేసుకోవాలని ఉంది.

సువాన్ నుంచి (తొమ్మిదేళ్ళుగా)

తమ్ముడూ నీకు మీటింగులో అయింది, నాకు డబ్బుల దగ్గర అయింది, అదే మాట. రిపోర్ట్ సంగతి మిగతావాళ్ళు చెప్తారు, ముందు ఇది చదువు ఎందుకంటే నువ్వూ ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు మారతావు.

నేను మొదట ఉన్న వన్‌రూమ్‌కి బోజుంగ్‌గుమ్ (ఇంటి డిపాజిట్) 500 మాన్, అంటే 50 లక్షల వొన్. రెండేళ్ళు ఉన్నా, అద్దె ఒక్కరోజు లేట్ చేయలేదు. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ వచ్చి కిటికీ పక్క గోడకి బూజు పట్టిందని, దోబె మళ్ళీ చేయించాలని అన్నాడు. దోబె అంటే గోడకి కాగితం అంటించడం. ఆ కిటికీలోంచి నీళ్ళు దిగుతున్నాయని మొదటి చలికాలంలోనే ఫోటో పెట్టి చెప్పాను, చూస్తానన్నాడు, చూడలేదు. సరే డబ్బు ఎకౌంట్‌కి పంపుతా అంటే నేను రాత్రి కూర్చుని మర్యాదగా ఉండాలని మెసేజ్ రాశా, "జొక్తంగ్హన్ గుమెగుల్ బోనె జుసెయో" అని. నాకు రావాల్సిన న్యాయమైన మొత్తం పంపండి అని నా మనసులో అర్థం. పొద్దున్నే 440 మాన్ పడింది. 60 మాన్ కట్. ఫోన్ చేస్తే "నువ్వే కదా జొక్తంగ్హన్ మొత్తం అన్నావు, నాకు జొక్తంగ్ అనిపించింది పంపాను" అన్నాడు.

ఇల్లు చూపించిన బుదోంగ్సన్ (ఇళ్ళ ఏజెన్సీ) ఆవిడ దగ్గరికి వెళ్ళి మెసేజ్ చూపిస్తే ఆవిడ తల పట్టుకుంది. జొక్తంగ్ అంటే అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా అని, నీ మెసేజ్ చదివితే ఎంతో కొంత మీకు తోచింది పంపండి అన్నట్టు ఉందని చెప్పింది. "బోజుంగ్‌గుమ్ జొనెక్" అని రాయాలట, జొనెక్ అంటే మొత్తం, అంతే, విశేషణమే అక్కర్లేదు. ఆవిడే మళ్ళీ ఓనర్‌తో మాట్లాడింది, కిటికీ ఫోటోల తేదీలు చూపించింది, మూడు వారాల తర్వాత 40 మాన్ వెనక్కి వచ్చింది. మిగతా 20 రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. డబ్బు మాటల్లో అంకె రాయి, విశేషణం రాయకు.

దేజన్ నుంచి (పరిశోధన, ఏడేళ్ళు)

సువాన్ అన్నయ్యగారు చెప్పింది నిజమే కానీ తమ్ముడు అడిగింది మాటల తేడా గురించి కదా, అది చెప్తాను. నేను టోపిక్ (కొరియన్ భాష పరీక్ష) రెండుసార్లు రాశాను, మొదటిసారి నాలుగో లెవెల్ వచ్చింది, రెండోసారి ఆరు.

ఇంగ్లీష్ అర్థంతో నేర్చుకుంటే ఈ నాలుగూ కలిసిపోతాయి, తెలుగులోంచి వెళ్తే విడిపోతాయి. మనకి "తగు" అనే మాట ఉంది. అది విశేషణంలా పనిచేస్తూనే క్రియలా మారుతుంది, తగిన, తగదు, తగినట్టు, తగినంత. కొరియన్ విశేషణం కూడా సరిగ్గా అలా క్రియలాగే రూపాలు మార్చుకుంటుంది. ఇది మనకి పుట్టుకతో తెలిసిన సంగతి, ఇంగ్లీష్‌లోంచి వచ్చేవాళ్ళు దీనికే నెలలు పడతారు.

జొక్తంగ్ అంటే "తగినంత"లో ఉన్న తగు. వంటల్లో ఉప్పు తగినంత అని రాస్తాం కదా, కొరియన్ వంటల్లో అదే చోట "జొక్తంగ్న్యాంగ్" అని ఉంటుంది. కొలత మాట అది, ఎక్కువ కాకుండా తక్కువ కాకుండా. వేడి నీళ్ళకి, నిద్రకి, వ్యాయామానికి చాలా బాగుంటుంది. కానీ దాన్ని జొక్తంగ్హి అని పనికి పెడితే "సరిపోయేంత వరకు చేసి వదిలేయడం" అవుతుంది, అదే నువ్వు మీటింగులో అన్నది, పైపైన కానిచ్చేస్తాను అని వినబడింది వాళ్ళకి. టీమ్‌జాంగ్ నీతో "జొక్తంగ్హి హగో ద్రొగసెయో" అంటే మాత్రం ప్రేమగా అన్నట్టు, ఇంక చాలు చేసింది, ఇంటికెళ్ళు అని. పైవాళ్ళు కిందవాళ్ళతో అంటే దయ, కిందవాళ్ళు తమ పని గురించి తామే అంటే నిర్లక్ష్యం. నీకు కావలసిన మాట "జెదెరో". పద్ధతిగా, చేయాల్సినట్టు అని.

జొక్జొల్ ఆఫీసు కాగితాల మాట. పేపర్లో "తగిన చర్యలు తీసుకుంటాం" అని చదువుతాం చూడు, వాళ్ళ వార్తల్లో అక్కడ "జొక్జొల్హన్ జోచి" ఉంటుంది.

అల్మత్తా అచ్చ కొరియన్ మాట, కుదరడం, ఇమడడం. టోపిక్‌లో ఖాళీలో పెట్టడానికి అన్నిటికన్నా సరిపోయేది ఎంచుకోండి అంటారే, ఆ ప్రశ్నలో ఉండేది "అల్మజున్". కిమ్చి సరిగ్గా ఊరింది అనడానికి కూడా ఇదే, అల్మత్కె. మా ల్యాబ్ పక్క క్యాంటీన్ పెద్దావిడ కిమ్చి డబ్బా మూత తీసి వాసన చూసి ఆ మాట అన్నప్పుడు మా అమ్మమ్మ జాడీ మూత తీసి ఆవకాయ ఊరిందే అన్నట్టే అనిపించింది, ఆ రోజు నుంచి ఆ మాట మర్చిపోలేదు.

చివరిది మత్తంగ్‌హదా, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఇందులో కొలత లేదు, ధర్మం ఉంది. "శిక్షించదగిన", "మెచ్చదగిన" అంటాం కదా, క్రియ పెట్టి దాని వెనక దగిన చేరుస్తాం. కొరియన్‌లో కూడా క్రియని "అ" లేదా "ఒ"తో ఆపి వెనక మత్తంగ్‌హదా పెడతారు, "చింగ్‌చాన్ బదా మత్తంగ్‌హదా" అంటే మెప్పు పొందదగినది. నిర్మాణం అచ్చు మనదే. రోజూ మాటల్లో అయితే ఎక్కువగా లేదు అనే చోటే వినబడుతుంది, "మత్తంగ్హన్ జిబి ఒప్సొయో", తగిన ఇల్లు దొరకట్లేదు.

బట్టలు నప్పాయి అనడానికి ఇవేవీ కాదు, అది "ఒఉల్ల్యొయో".

ఉల్సాన్ నుంచి (కరీంనగర్, ఆరేళ్ళు)

అక్కా మంచిగ చెప్పిన్రు, కానీ అల్మజున్ అని ఎవరంటరు? మా షాపులో కొరియన్లే అల్మన్నున్ అని రాస్తరు, వాట్సాప్ లెక్క వాళ్ళు వాడే కకావోల రోజూ చూస్త. పుట్టినోళ్ళే అట్ల రాస్తే మనమెందుకు తప్పంటం? ఇంకొకటి, ఇయన్నీ పుస్తకం ముచ్చట్లు, నేను ఒక్క టోపిక్ రాయలే, రోజూ మనుషులతోని మాట్లాడి నేర్చుకున్న. తమ్ముడికి గిదే చెప్త, పుస్తకం పక్కకు పెట్టు.

దేజన్ నుంచి

అన్నా వాళ్ళు రాస్తారు, నిజమే, బడి పిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్ళ దాకా చేసే తప్పు అది. "మత్తా" క్రియ, అందుకని "మన్నున్" వస్తుంది, దాన్ని చూసి దీన్నీ అలాగే చేసేస్తారు. పరీక్ష ఒకటే, మన్నున్దా అనగలం, అల్మన్నున్దా అనలేం. అంటే అల్మత్తా విశేషణం, దానికి అల్మజునే. గొల్మత్తా కూడా అంతే, గొల్మజున్. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఒప్పుకుంటాను. కానీ టోపిక్ రాత పేపర్లో రాస్తే మార్కు పోతుంది, ఐదో లెవెల్‌కి 300లో 190 కావాలి, ఆరుకి 230, నేను మొదటిసారి ఐదు పోగొట్టుకుంది మూడు మార్కుల్లోనే. మీకు అవసరం పడలేదు, తమ్ముడికి రేపు వీసా మార్చుకోవాలంటే పడుతుంది. మాటా కావాలి, పుస్తకమూ కావాలి.

సియోల్ నుంచి (2008 నుంచి)

అందరూ మాటల దగ్గరే ఉన్నారు, సువాన్ ఆయన చెప్పిన ఇంటి సంగతి అసలు ముఖ్యం. బాబూ, బోజుంగ్‌గుమ్ గొడవ వస్తే మెసేజ్‌లు, ఫోన్లు కాదు. పోస్టాఫీసుకి వెళ్ళి నెయోంగ్ జుంగ్‌మ్యొంగ్ పంపాలి. ఒకే ఉత్తరం మూడు కాపీలు, ఒకటి ఓనర్‌కి, ఒకటి నీకు, ఒకటి పోస్టాఫీసులో ఉంటుంది, ఏ తేదీన ఏం రాశావో రుజువు. అందులో మాత్రం "మత్తంగ్హి" అని ధైర్యంగా వాడొచ్చు, మీరు తిరిగి ఇవ్వడం ధర్మం అని. న్యాయ సలహా కావాలంటే 132కి చేయి, వీసా విషయాలకి 1345. ఇల్లు మారితే 14 రోజుల్లో అడ్రస్ మార్చుకో, లేకపోతే ఫైన్.

సువాన్ నుంచి

అన్నా 14 కాదు 15. ఇదివరకు 14 ఉండేది, 2020లో చట్టం మార్చారు. ఇంకోటి, అడ్రస్ మార్చుకుని, కాంట్రాక్టు మీద హ్వక్‌జొంగ్ ఇల్జా (తేదీ ధ్రువీకరణ) ముద్ర కూడా వేయించుకోవాలి, రెండూ ఉంటేనే ఇల్లు వేలానికి వెళ్ళినా మన డిపాజిట్‌కి వరసలో చోటు ఉంటుంది. మత్తంగ్హి అని ఓనర్‌కి రాయడం మాత్రం నాకు నచ్చలేదు. మనకంటే పెద్దవాళ్ళకి ధర్మం చెప్పినట్టు ఉంటుంది, ఆ బుదోంగ్సన్ ఆవిడే నాకు వద్దని చెప్పింది.

సియోల్ నుంచి

15 అయితే మంచిదే, ఒకరోజు ఎక్కువ దొరికింది. మర్యాద సంగతి ఒప్పుకోను. నెయోంగ్ జుంగ్‌మ్యొంగ్ దాకా వెళ్ళామంటే మర్యాదలు ఎప్పుడో అయిపోయినట్టు. అక్కడ గట్టి మాట పడాలి. మీ 20 మాన్ అందుకే రాలేదేమో ఆలోచించండి.

గుమి నుంచి (పదకొండేళ్ళు)

మత్తంగ్ మాట గురించి నాదొకటి చెప్పనివ్వండి, కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కూడా చదువుతారు కదా. మేం శాకాహారులం. వచ్చిన కొత్తలో మావారి ఆఫీసు వాళ్ళు కుటుంబాలతో హ్వేసిక్ (ఆఫీసు విందు) పెట్టారు, పెద్దాయన భార్య స్వయంగా నా ముందు గిన్నెలు సర్దింది. అన్నిటిలో మాంసమో చేపో. నేను తినదగ్గవి లేవు అని చెప్దామని "ఉమ్‌సిగి మత్తంగ్చి అనాయో" అన్నా. ఆవిడ ముఖం మాడిపోయింది. నేనన్నది వాళ్ళకి "ఈ తిండి నాకు నచ్చలేదు" అని వినబడింది. మోన్మత్తంగ్‌హదా అని ఒక మాట ఉంది, ముఖం చిట్లించుకునేంత నచ్చకపోవడం, మత్తంగ్చి అన్‌తా దానికి చాలా దగ్గర. వస్తువు గురించి, మనుషులు చేసి పెట్టిన దాని గురించి ఆ మాట ఎదురుగా అనకూడదు. "చొనున్ గోగిరుల్ ఆన్ మొగొయో", నేను మాంసం తినను, అంటే చాలు, నా గురించి చెప్పుకున్నట్టు ఉంటుంది, వాళ్ళ వంటని అన్నట్టు ఉండదు. మర్నాడు పులిహోర చేసి డబ్బాలో పట్టుకెళ్ళి ఆవిడకిచ్చి క్షమాపణ చెప్పుకున్నా. ఆవిడ ఇప్పటికీ చుసొక్ పండక్కి నాకు మాంసం లేకుండా విడిగా జొన్ (అట్లలాంటివి) వేసి పంపిస్తుంది.

ఉల్సాన్ నుంచి

గుమి వదినా, గిది మస్తు అవసరమైన ముచ్చట. దేజన్ అక్కా, అల్మజున్ సంగతి మా సూపర్‌వైజర్‌ని అడిగిన. ఆయన కూడా కాసేపు ఆలోచించి ఫోన్ల చూసి మీరన్నదే కరెక్ట్ అన్నడు. పుస్తకం పక్కకు పెట్టు అన్న మాట వాపస్ తీసుకుంటున్న తమ్ముడూ.

హ్వాసొంగ్ నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్. అన్నీ నోట్స్‌లో రాసుకున్నా, తగినంత, తగిన చర్యలు, ఊరడం, మెచ్చదగిన అని పక్కన తెలుగు కూడా. నా కాంట్రాక్టుకి ఆ ముద్ర లేదు, ఈ వారమే వేయించుకుంటా. శుక్రవారం మెసేజ్ ఇలా అనుకుంటున్నా, చూసి చెప్పండి. "టీమ్‌జాంగ్‌నిమ్, మొన్న మీటింగులో నేను మాట తప్పుగా వాడాను, జెదెరో చేస్తాను అనే నా ఉద్దేశం. రిపోర్ట్ జతచేశాను. జొక్తంగ్హన్ సమయంలో చూడగలరు."

దేజన్ నుంచి

మొదటి రెండు వాక్యాలు బాగున్నాయి, అలాగే ఉంచు. చివరిది తీసేయి, మళ్ళీ అదే మాట వచ్చింది. "ప్యొన్‌హషిల్ తే" అను, మీకు వీలైనప్పుడు అని. ఇంకొకటి, గురువారం సాయంత్రం ఆరు లోపలే పంపు, శుక్రవారం దాకా ఆగకు.