500 ఎంఎం దగ్గర బ్యాక్ ఫోకస్: ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఎలా చేయాలి?

మాది బరంపురం. గంజాం జిల్లా భేట్నాయి పొలాల్లో కృష్ణజింకలను నికాన్ డీ7500, 200-500 ఎంఎం జూమ్ లెన్స్‌తో తీస్తుంటాను. అక్కడి ఊళ్లవాళ్లు కన్నబిడ్డల్లా కాపాడుకునే జింకలవి. ఫొటో మసగ్గా వస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

వ్యూఫైండర్‌లో చూస్తూ కంటి మీద ఫోకస్ పెడితే, కన్ను మసకబారి వెనకున్న వరి మోళ్లు షార్ప్‌గా వస్తున్నాయి (బ్యాక్ ఫోకస్ అంటే ఇదే). అదే ట్రైపాడ్ మీద, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) తీస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుస్తాయి. అంటే లెన్స్ మంచిదే. పొద్దెక్కాక వేడిగాలికి బొమ్మ అలలాడడం వేరే సంగతి, ఇది తెల్లవారుజామునే వస్తోంది.

ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌ను, అంటే ఆటో ఫోకస్ పడే చోటును కాస్త ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్‌ను, మైనస్ వైపు జరపాలని తెలుసు. కానీ ఈ కెమెరా ఒక్కో లెన్స్‌కు, జూమ్ ఎంతున్నా, ఒకే విలువ దాచుకుంటుంది. 200 ఎంఎం దగ్గరేమో ఫోకస్ సరిగ్గానే ఉంది! మరి 500కే సరిచేసుకోవాలా? ఫోకస్ సరిచూసే చార్ట్ ఎంత దూరంలో పెట్టాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.