డెన్వర్‌కి కొత్త: ఫోర్ రన్నర్‌కి ఏ ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాలి?

అరోరా నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఆగస్టులో హైదరాబాద్ నుంచి డెన్వర్ వచ్చాం, ఉండేది అరోరాలో, ఆఫీసు టెక్ సెంటర్ దగ్గర. పోయిన వారం 2018 టొయోటా ఫోర్ రన్నర్ ఎస్ఆర్5 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఫోర్ వీల్ డ్రైవ్‌దే. టైర్లు బాగా అరిగాయి. ఒక షాపులో అడిగితే "కొలరాడోలో ఉంటూ మామూలు టైర్లేంటి" అని ఆల్ టెర్రెయిన్ (తారు రోడ్డుతో పాటు మట్టి, రాళ్ల దారికీ పనికొచ్చే) టైర్లు, బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ3, లోడ్ రేంజ్ ఈ అంటూ కొటేషన్ చేతిలో పెట్టారు, బిగింపుతో కలిపి దాదాపు పద్నాలుగు వందల డాలర్లు. ఇంకో షాపులో ఫాల్కెన్ వైల్డ్‌పీక్ అన్నారు. ఆఫీసులో ఒకాయనేమో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాక ఏ టైరైనా ఒకటే అంటున్నాడు. చలికాలంలో పిల్లలకి మంచు చూపించడానికి కొండల్లోకి వెళ్లాలని ఉంది. మంచులో బండి నడిపిన అనుభవం మాత్రం సున్నా, టెన్షన్‌గా ఉంది. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

హైలాండ్స్ రాంచ్ నుంచి:

ముందు ఆ ఆఫీసాయన మాట పక్కన పెట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపేది టైరే. బ్రేకు నాలుగు చక్రాలకీ అన్ని బండ్లలోనూ ఉంటుంది కదా, అందులో మీ బండి గొప్పేమీ లేదు. కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే మీద మంచు పడ్డ రోజు పక్కన కాలువలో పడి ఉన్నవాటిలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకో మీరే ఆలోచించండి.

పార్కర్ నుంచి:

తమ్ముడూ, బ్రాండు తర్వాత చూద్దాం. నువ్వు ఏ రోడ్డు మీద ఎంత తిరుగుతావో ముందు తేల్చుకో, టైరు దాన్నిబట్టే తేలుతుంది. అరోరా నుంచి టెక్ సెంటర్‌కి ఐ-225 హైవే మీద తారు రోడ్డు. కాస్ట్కోకి తారు రోడ్డు. గుడికి తారు రోడ్డు. ఐ-70 పట్టుకుని కొండల్లో స్కీయింగ్ ఊరు బ్రెకెన్‌రిడ్జ్ వెళ్లినా అదీ తారు రోడ్డే, కాకపోతే మంచు ఉంటుంది. అంటే నీకు కావాల్సింది మంచులో పట్టు, వానలో బ్రేకు, వేసవిలో ఎప్పుడైనా కంకర రోడ్డు ఎక్కితే తట్టుకునే శక్తి. ఇంతే.

ఇప్పుడు ఆ "లోడ్ రేంజ్ ఈ" సంగతి. టైరు సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ టైరు. లోడ్ రేంజ్ ఈ అంటే పాత లెక్కలో పది ప్లై (పొరలు), 80 పీఎస్ఐ దాకా గాలి పట్టేంత గట్టిది. ముప్పావు టన్ను, ఒక టన్ను అని పిలిచే పెద్ద పికప్ ట్రక్కులకి, బరువైన ట్రెయిలర్ లాగేవాళ్లకి, రాళ్ల దారుల్లో పడి తిరిగేవాళ్లకి అది కావాలి. నీ బండి కంపెనీ నుంచి వచ్చింది మామూలు ప్యాసింజర్ రకం 265/70ఆర్17 టైర్లతో. దాని మీద ఈ రేంజ్ వేస్తే ఒక్కో చక్రం పది పౌండ్లకి పైగా బరువెక్కుతుంది, సస్పెన్షన్ గట్టిగా తగులుతుంది, గ్యాస్ ఖర్చు పెరుగుతుంది. బిందెడు నీళ్లకి ట్యాంకర్ పిలిపించినట్టే. పైగా ఎల్‌టీ టైరు అదే బరువు మోయాలంటే ఎక్కువ గాలి కావాలి, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె దానికి సరిపోదు, షాపువాళ్లు లోడ్ టేబుల్ (ఎంత బరువుకి ఎంత గాలో చెప్పే పట్టిక) చూసి కొత్త అంకె చెప్పాలి. చాలామంది చెప్పరు. నాకు తెలిసినవాళ్లలో ఒకరికి ఇక్కడే ఒక షాపులో ఈ రేంజ్ బిగించి పాత గాలే పెట్టి పంపించేశారు, టైర్ల అంచులు ఊరికే అరిగిపోయాక గానీ సంగతి బయటపడలేదు.

కాబట్టి అదే ఆల్ టెర్రెయిన్‌లో ముందు ఎల్‌టీ లేని సైజు అడుగు, స్టాండర్డ్ లోడ్ అంటారు. వైల్డ్‌పీక్ ఏ/టీ4డబ్ల్యూ, టోయో ఓపెన్ కంట్రీ ఏ/టీ3, కూపర్ డిస్కవరర్ ఏటీ3 4ఎస్, ఈ మూడూ నీ సైజులో అలా దొరుకుతాయి. కేఓ3 అసలు రాళ్ల కోసం పుట్టిన వంశం, దాని ముందుది కేఓ2 2014లో వచ్చి ఇక్కడ ప్రతి రెండో జీప్ మీదా కనిపించింది, కేఓ3 2024లో వచ్చింది. పక్క గోడ చాలా గట్టిది, ఆ విషయంలో పేరు పెట్టడానికి లేదు. కానీ నువ్వు యూటాలో మోయాబ్ రాళ్లెక్కడానికి కొనడం లేదు కదా.

అరుగుదల వారంటీ కూడా చూసుకో. కేఓ3కి 50 వేల మైళ్లు, కూపర్ 4ఎస్‌కి 65 వేలు. టోయోలో ప్యాసింజర్ సైజుకి 65 వేలు, అదే టైరు ఎల్‌టీలో తీసుకుంటే 50 వేలే. ఒకే పేరున్న టైరు, సైజు ముందు రెండక్షరాలు మారితే వారంటీ ఇంత మారుతుంది. వెబ్‌సైట్లో పేరు చూసి ఆర్డర్ పెట్టేసేవాళ్లు ఈ తేడా గమనించరు.

ఇక మంచు. టైరు పక్క గోడ మీద ఎం+ఎస్ (మడ్, స్నో) అని ఉంటే మురిసిపోకు. అది ట్రెడ్ (రోడ్డుకి తగిలే రబ్బరు) గాడులు ఎంత ఖాళీగా ఉన్నాయన్న ఆకారాన్నిబట్టి కంపెనీ వేసుకునే ముద్ర, మంచు మీద పరీక్ష ఏమీ ఉండదు. నువ్వు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ. అది నిజంగా మంచు మీద పరీక్ష పెట్టి ఇచ్చేది. నేను పైన చెప్పిన నాలుగింటికీ ఆ బొమ్మ ఉంది. అయితే ఆ పరీక్ష కూడా అణిగిన మంచు మీద బండి ఎంత బాగా ముందుకు లాగుతుందో చూసేది, గడ్డ కట్టిన ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో చూసేది కాదు. ఇది గుర్తుంటే చాలు, సగం ప్రమాదాలు తప్పుతాయి.

షాపుకి వెళ్లినప్పుడు టైరుని దగ్గరగా చూడు. పెద్ద బ్లాకుల మీద వంకరటింకరగా సన్న చీలికలుంటాయి, గోరు పెట్టి వాటిని విడదీసి చూడు. అవే మంచుని కరిచి పట్టుకునేవి. కొన్ని టైర్లలో అవి పైపైనే ఉంటాయి, సగం అరిగేసరికి మాయమవుతాయి, అప్పుడు చూడ్డానికి బ్లాకులు ఇంకా ఎత్తుగానే ఉన్నా మంచులో జారుతుంది. అడుగుదాకా దిగిన చీలికలున్నది తీసుకో.

లిటిల్‌టన్ నుంచి:

అన్నయ్య గారు చెప్పిందంతా సరే కానీ, అసలు ఆల్ టెర్రెయిన్ ఎందుకు అని ఎవరూ అడగలేదేంటి? ఈ ఊళ్లో ఆ టైర్లు ఫ్యాషన్ అయిపోయాయి, నల్లగా గరుకుగా కనిపిస్తే బండికి అందమని వేసుకునేవాళ్లే ఎక్కువ. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే మంచి హైవే టైరు కంటే అవి సాధారణంగా ఎక్కువ దూరం వెళ్లి ఆగుతాయి, హైవే మీద మోత సరేసరి, ఇంట్లో చంటిపిల్లలుంటే నిద్ర కూడా పట్టదు వాళ్లకి. మా రావ్4కి ఆల్ వెదర్ వేయించాం, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2. కొండ బొమ్మ దానికీ ఉంది. ఏడాది పొడుగునా అదే. మావారికి మొదట ఆల్ టెర్రెయిన్ మోజే, వైల్డ్‌పీక్‌లోనే మా బండి లాంటి క్రాసోవర్ల (కారు లాంటి చిన్న ఎస్‌యూవీల) కోసం ఏ/టీ ట్రెయిల్ అని ఉందని పట్టుబట్టారు. మేం వెళ్లే చోట్లు చూసుకుంటే దాని అవసరం కనిపించలేదు.

నిజంగా ప్రతి వారాంతం స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లయితే మాత్రం వింటర్ టైర్లు వేరే సెట్టు పెట్టుకోవడమే మేలు, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ లాంటివి. చలి 45 ఫారన్‌హీట్ కిందికి దిగాక కూడా ఆ రబ్బరు మెత్తగా ఉంటుంది, మామూలు రబ్బరు బిగుసుకుంటుంది. కాకపోతే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఇంకో నాలుగు టైర్లు ఎక్కడ పెట్టుకుంటారు, బాల్కనీలో పెడితే లీజింగ్ ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది!

పార్కర్ నుంచి:

అక్కా, మోత సంగతి ఒప్పుకుంటాను. తడి బ్రేకు సంగతీ నిజమే. కానీ ఇతను కొన్నది ఫోర్ రన్నర్. వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరు బోరియాస్ పాస్ వెళ్దాం రమ్మంటారు, కోమో నుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కి 11,481 అడుగుల మీదుగా మట్టి రోడ్డు. అది కార్లు కూడా వెళ్లే దారే, అక్కడికి ఆల్ టెర్రెయిన్ తప్పనిసరి అని నేననను. అక్కణ్నుంచి పక్కదారుల్లోకి దిగాలనిపిస్తుంది చూడండి, అప్పుడు పదునురాళ్లు. ట్రెడ్‌లో మేకు దిగితే ప్యాచ్ వేస్తారు, పక్క గోడ కోసుకుపోతే ఎవరూ రిపేరు చేయరు, టైరు పారేయడమే. తమ్ముడూ, అలాంటి దారులు నీకు ఇష్టం లేకపోతే అక్క మాట విను, డబ్బు మిగులుతుంది.

ఫోర్ట్ కాలిన్స్ నుంచి:

పికప్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట, ఈ థ్రెడ్ చదివి అందరూ ఈ రేంజ్ తీసేస్తారేమో. నాది ఎఫ్-250, వెనక ట్రెయిలర్ లాగుతాను. అలాంటి బండికి డోర్ స్టిక్కర్ మీదే ఎల్‌టీ, ఈ రేంజ్ అని రాసి ఉంటుంది, అంతకంటే తక్కువ వేయకూడదు, మంచి షాపు ఏదీ వేయదు కూడా. ఎఫ్-150, టకోమా లాంటివి మామూలుగా స్టాండర్డ్ లోడ్‌తో నడిచిపోతాయి. స్టిక్కర్ చదవండి, పక్కింటివాడి బండిని చూసి కొనకండి. ఇంకోటి, ఖాళీ పికప్ వెనక భాగం తేలిక, మంచులో తోక ముందు జారుతుంది. ఇక్కడ చాలామంది చలికాలం బెడ్‌లో (వెనక సామాను వేసే చోట) ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతారు, వెనక ఇరుసు మీద పడేట్టు కట్టేసి పెట్టాలి.

అరోరా నుంచి:

అందరికీ చాలా థాంక్స్. ట్రాక్షన్ లా అని మంచు రోడ్డుకి తగ్గ టైర్ల చట్టం ఏదో ఉందన్నారు, ఫైన్ వేస్తారట. నా పాత టైర్లతో ఇప్పుడు ఐ-70 ఎక్కొచ్చా? పైగా నా బండిలో 2హెచ్, 4హెచ్ అని గేరు పక్కన ఇంకో రాడ్ ఉంది, ఎప్పుడూ 4హెచ్‌లో పెట్టేస్తే సరిపోతుందా?

హైలాండ్స్ రాంచ్ నుంచి:

వద్దు వద్దు, పొడి రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ తోసేది) వేయకండి. మీది పార్ట్ టైమ్ సిస్టమ్, ముందు వెనక ఇరుసులు కలిసి లాక్ అయిపోతాయి, పొడి తారు మీద మలుపు తిరిగితే బిగుసుకుని పార్టులు పాడవుతాయి. మంచు, వదులు కంకర ఉన్నప్పుడే. దాని రెండో అర్థం కూడా గమనించండి, 2హెచ్‌లో ఉన్నంతసేపూ మీది వెనక చక్రాలు మాత్రమే తోసే బండి. రోడ్డు సగం పొడి, నీడలో సగం ఐస్ ఉన్నచోట చాలా జాగ్రత్త.

ట్రాక్షన్ లా ఐ-70 మీద కొండల భాగంలో, మారిసన్ నుంచి డాట్‌సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఉంటుంది. మంచు లేని రోజు కూడా రూలు రూలే. ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ట్రెడ్ కనీసం 3/16 అంగుళం ఉండాలి, అంటే టైరు భాషలో 6/32 (అంగుళంలో 32వ వంతులు ఆరు). మామూలు చట్టం 2/32కి అనుమతిస్తుంది కదా అని ఇక్కడికి అదే లెక్క తేవద్దు. దొరికితే 130 డాలర్ల పైన, మీ బండి వల్ల రోడ్డు మూసుకుపోతే 650 పైన. డబ్బు కంటే, ఐ-70 మీది ఐసెన్‌హోవర్ టన్నెల్ ముందు వేల బండ్లు మీ వల్ల ఆగితే వచ్చే తిట్లు ఎక్కువ.

కొలవడానికి పరికరం అక్కర్లేదు. 2008 లేదా అంతకు ముందు పెన్నీ (ఒక సెంటు నాణెం) ఒకటి వెతకండి, వెనక వైపు స్తంభాల మందిరం, లింకన్ మెమోరియల్ ఉండేది. తర్వాత వచ్చిన డాలు బొమ్మది పనికిరాదు. మందిరం పైకప్పు గాడిలోకి దిగేట్టు తలకిందులుగా పెట్టండి. పైకప్పు కొంచెమైనా రబ్బరు చాటుకి పోతే 6/32 ఉన్నట్టు. మందిరం మొత్తం బయటికి కనిపిస్తే కొండెక్కొద్దు. టైరు మధ్యలో, రెండు అంచుల్లో, మూడు చోట్లా చూడండి.

పార్కర్ నుంచి:

మా గరాజ్‌లో అలాంటి పెన్నీలు డబ్బాడు ఉన్నాయి, కావాలంటే వచ్చి తీసుకెళ్లు.

కొనేటప్పుడు ఇంకా రెండు మూడు. నాలుగూ ఒకేసారి మార్చు, ముందు రెండు కొత్తవి వెనక రెండు పాతవి అని బేరం పెట్టుకోకు. పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే నంబరు చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 1425 అంటే 2025లో పద్నాలుగో వారం. రెండేళ్ల కిందటి సరుకు అంటగడితే వేరేది అడుగు, తప్పేమీ లేదు. కాస్ట్కోలో రొటేషన్, బ్యాలెన్సింగ్, పంక్చర్ రిపేరు కూడా బిగింపు ధరలోనే వస్తాయి, కానీ వాళ్ల దగ్గర అన్ని కంపెనీలూ ఉండవు. ఆల్ టెర్రెయిన్ బ్లాకులు ఒకవైపు వాలి అరగడం మొదలుపెడితే మోత రెట్టింపవుతుంది, అందుకని ఐదారు వేల మైళ్లకొకసారి చక్రాల స్థానాలు మార్పించు, రొటేషన్ అంటే అదే. గాలి కూడా, పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది, ఇక్కడ అక్టోబరులో ఒక్క రాత్రిలో నలభై డిగ్రీలు పడిపోవడం మామూలే, పొద్దున్నే డాష్‌బోర్డులో టైరు లైటు వెలిగితే పంక్చర్ అని కంగారు పడకు.

అరోరా నుంచి:

సరే, స్టాండర్డ్ లోడ్‌లో వైల్డ్‌పీక్ లేదా కూపర్, ఏది తక్కువకి వస్తే అది. స్టెప్నీ కూడా మార్చాలా?

పార్కర్ నుంచి:

నీ బండికి వెనక కింద వేలాడేది ఫుల్ సైజు స్టెప్నీయే, చిన్నది కాదు, అది అదృష్టం. టైర్లు మార్చే రోజే దాన్ని కిందికి దించమను. ఇక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే మందుకి దాన్ని పట్టి ఉంచే గొలుసు తుప్పు పట్టి అవసరానికి దిగదు, అదేదో షాపులో ఉండగానే తెలియాలి. డాట్ నంబరు చూడు. బండితో వచ్చిందే అయితే చివర 17 లేదా 18 ఉంటుంది, ఎక్కడా వాడకపోయినా రబ్బరు వయసు రబ్బరుదే, పదేళ్లు దాటినవి వాడొద్దని టైర్ల కంపెనీలే చెప్తాయి. ఇప్పుడు తీసేసే నాలుగింట్లో కాస్త కొత్త తేదీ ఉండి ట్రెడ్ మిగిలినది ఉంటే దాన్నే స్టెప్నీకి ఎక్కించమను, చార్జీ పెద్దగా ఉండదు. గొలుసుకి గ్రీజు రాయించడం మర్చిపోకు.