బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ తరహా బొమ్మకు వేసిన సుద్ద పూత పగులుతోంది, ఎందుకు?

ఖాదీకుంచె:
చింతగింజల జిగురులో సుద్ద కలిపి ఖాదీ గుడ్డకు రెండు పూతలు పూశాను. ఎండలో పెట్టగానే నెర్రెలిచ్చింది, అంచుల్లో పెచ్చులు లేస్తున్నాయి. కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర బొమ్మలు (పటాలు) వేసి అమ్మినవాళ్ళ పద్ధతి ఇదేనా? జామినీ రాయ్ వాడిన రంగులేవి? ఎరుపుకు ఇంగిలీకం తప్పదా?

సుద్దమట్టి:
ఎండే ముందు దోషి. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడే. నీడలో ఆరనివ్వండి. రెండో దోషి చిక్కటి పూత. 50 గ్రాముల చింతగింజల పిండిని ముందు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మొత్తం ముప్పావు లీటరు చేసి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు కలియబెట్టండి. వేడినీళ్ళలో పిండి పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలున్న చోటే పెచ్చులు లేస్తాయి. పల్చటి గుడ్డలో వడకట్టి, మెత్తటి సుద్దపొడి మజ్జిగలా జారేంత కలపండి. పల్చగా మూడు నాలుగు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఆరాక వేలితో రుద్ది చూడండి: తెల్లగా అంటితే జిగురు చాలలేదు, గుడ్డ మడిస్తే చిట్లితే ఎక్కువైంది. చివర్లో నున్నటి గులకరాయితో రుద్దాలి. కొత్త గుడ్డకు గంజి ఉంటే ముందే ఉతికెయ్యండి, లేకపోతే పూత పట్టదు. జిగురు రెండో రోజుకే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి.

దీపంమసి:
ఎక్కువగా ఏడు రంగులే: ఇండియన్ రెడ్ (మట్టి ఎరుపు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం గ్రీన్, వెర్మిలియన్, బూడిదరంగు, నీలం, తెలుపు. రాతిపొడి, ఒండ్రుమట్టి, నీలిమందు, సుద్ద లాంటివాటితో చేసుకునేవారు. గీతకు దీపం మసి. వెర్మిలియన్ అంటే ఇంగిలీకమే, అందులో ఉన్నది పాదరసం. ఇంట్లో నూరే సాహసం వద్దు, బజార్లో దొరికే నాఫ్తాల్ రెడ్ పొడి చాలు. మసి నీళ్ళ మీద తేలిపోతుంది. రెండు చుక్కల స్పిరిట్‌తో తడిపి, ఆ తర్వాత జిగురులో నూరండి.

పటచిత్రం:
కాళీఘాట్ పటాలు ఎక్కువగా మిల్లు కాగితం మీద నీటిరంగులు, ఈ సుద్ద పూత వాటిది కాదు. జామినీ రాయ్ వాటి నుంచి నేర్చుకున్నారు గానీ, అవి పట్నం సరుకైపోయాయని సొంత జిల్లా బాంకురా పల్లె పటాల వైపు మళ్ళారు. పుట్టింది అక్కడి బేలియాతోడ్‌లో, 1887లో. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి చదివి, తైలవర్ణ చిత్తరువులు వేసిన మనిషి అంత చెయ్యి తిరిగిన పని వదిలేశారు. అందుకే ఆ గీతలో తడబాటుండదు. మీరు కూడా బాదంకళ్ళ గీత పాత పేపర్ల మీద సాధన చేశాకే గుడ్డ ముట్టుకోండి, సుద్ద మీద మసి పడితే చెరగదు.

ఇంకోటి: బెంగాలీలో ఆయన సంతకం మాత్రం దించకండి. ఒకే బొమ్మను ఆయనే పలుమార్లు వేశారు, కొడుకులూ చెయ్యి వేసేవారు. అసలుకూ నకిలీకీ తేడా తేల్చడం ఇప్పటికే తలనొప్పి. కింద మీ పేరే రాయండి.