80 శాతం దగ్గర చార్జింగ్ ఆపాలా, ఫుల్ పెట్టాలా? బాయికాడ వాడే ఫోన్‌కు ఏది మంచిది?

అడిగినవారు: బత్తాయి రైతు, దేవరకొండ వైపు

పొద్దున్నే తోటకు పోతే చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేది. కొత్త ఫోన్ తీసుకున్నాను. మా తమ్ముడు సెట్టింగ్స్‌లోకి పోయి 80 శాతం దాటి ఎక్కకుండా పెట్టాడు, బ్యాటరీ ఎక్కువ కాలం ఆగుతుందట. కానీ మధ్యాహ్నానికే సగం కంటే కిందికి దిగుతోంది. తోటలో సిగ్నల్ ఒక గీత, అదీ వస్తూ పోతూ ఉంటుంది. ఫోన్ కాల్‌తో బాయి మోటారు నడిపే ఆటో స్టార్టర్‌కు కాల్ చేయాలన్నా, కాయ కొనే బేరగాడితో మాట్లాడాలన్నా ఇదొక్కటే దిక్కు. మొన్న రేకుల షెడ్డులో చార్జింగ్ పెడితే, వేడి ఎక్కువైంది, చార్జింగ్ ఆపాం అని చూపించింది. కొత్త ఫోన్ అప్పుడే చెడిపోయిందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

ఫుల్ పెట్టుకో అన్నా. ఫోన్ మన కోసం, మనం ఫోన్ కోసం కాదు. బ్యాటరీ పోతే కొత్తది వేయించుకోవచ్చు.

జవాబు 2: మొబైల్ రిపేరు, మిర్యాలగూడ

అన్నా, ఫోన్ చెడిపోలేదు. వేడికి చార్జింగ్ ఆపడం దాని రక్షణ కోసమే. లిథియం బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. 35 డిగ్రీలు దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని యాపిల్ కంపెనీయే చెబుతుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 42, 43 ఉంటుంది. రేకుల కింద ఇంకెంత ఉంటుందో మీకే తెలుసు.

ఫుల్ చార్జ్‌లో బ్యాటరీ వోల్టేజ్ బాగా పైన ఉంటుంది. దానికి వేడి తోడైతే లోపలి ద్రవం విరిగి గ్యాస్ పుడుతుంది. ఎండాకాలం నా టేబుల్ మీదికి వచ్చే ఫోన్లు చూడాలి: వెనుక మూత ఒక మూల లేచి, స్క్రీన్ అంచు నుంచి వెలుతురు బయటికి కనిపిస్తుంది. విప్పితే బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంటుంది. అట్లా కనిపిస్తే నొక్కొద్దు, పొడవొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు.

అందుకే 80 పరిమితి మంచిదే. ఐఫోన్ 15తో 2023లో యాపిల్ కూడా ఇచ్చింది. కానీ అది పొద్దంతా ప్లగ్ దగ్గర కూర్చునేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. రోజంతా బయట ఉండే మీరు 100 పెట్టుకోండి, పెద్ద నష్టం లేదు. రాత్రి నిండాక పొద్దుటిదాకా ప్లగ్‌లో వదలకుండా, వీలైతే తెల్లవారుజామున లేచాక పెట్టండి. బయల్దేరేసరికి నిండుతుంది, వెంటనే వాడకం మొదలవుతుంది.

మీ అసలు సమస్య సిగ్నల్. టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరిచినట్టు ఎక్కువ పవర్‌తో ప్రసారం చేస్తుంది. చార్జ్ అక్కడే కరిగిపోతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 5జీ తీసేసి 4జీ మాత్రమే పెట్టండి. రెండో సిమ్ వాడకపోతే ఆపేయండి. డేటా అవసరమైనప్పుడే ఆన్ చేయండి, కాల్స్ వస్తూనే ఉంటాయి.

అడిగినవారు

4జీ పెట్టాను తమ్ముడూ. రాత్రి 100 చేసి పోయాను, సాయంత్రం ఆరింటికి ఇంకా 40 దాకా ఉంది. పవర్‌బ్యాంక్ తీసుకోమంటావా?

జవాబు 3: జడ్చర్ల

పవర్‌బ్యాంక్ మీద 10000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని ఉన్నా ఫోన్‌కు అందేది 6000 చుట్టుపక్కలే, వోల్టేజ్ మార్చడంలో కొంత పోతుంది. 5000 బ్యాటరీకి ఒక్కసారి నింపడానికి చాలు. బండి ట్యాంక్ మీద ఎండలో మాత్రం పెట్టొద్దు.

జవాబు 2: మొబైల్ రిపేరు, మిర్యాలగూడ

40 మిగిలిందంటే ఇప్పుడే కొనక్కర్లేదన్నా. షెడ్డులో చార్జ్ చేయాల్సి వస్తే కవర్ తీసి, చెట్టు నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. స్టార్టర్ డబ్బా మీద పెట్టొద్దు.