డ్రోన్స్ క్లబ్‌ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (హనుమకొండ నుండి)
ఇంగ్లీషు రాని మా బాపుకు చదివి వినిపించడం కోసం ఇంగ్లీషు హాస్య రచయిత వుడ్‌హౌస్ కథలను తెలుగు చేస్తున్నాను. లండన్‌లోని మేఫేర్‌లో, డోవర్ స్ట్రీట్‌లో ఉన్నట్టు ఆయన కల్పించిన డ్రోన్స్ క్లబ్ దగ్గర కలం ఆగింది. తాతల ఆస్తి మీదనో, బాబాయి పంపే సొమ్ము మీదనో బతుకుతూ, భోజనాల గదిలో ఒకరి మీద ఒకరు రొట్టెలు విసురుకొనే బెర్టీ వూస్టర్, బింగో లిటిల్ వంటి యువకులు అక్కడ చేరుతారు. 'సోమరిపోతుల క్లబ్' అనవచ్చునా? ఇప్పుడు డ్రోన్ అంటే పెళ్లిళ్లలో ఎగిరే కెమెరాయే గుర్తుకు వస్తుంది కనుక, ఆ మాటను అలాగే ఉంచడానికి మనసొప్పడం లేదు.

జవాబు (ములుగు నుండి, తేనెటీగలు పెంచుతాను)
డ్రోన్ అంటే పోతుటీగ, అంటే మగ తేనెటీగ. అది మకరందం తేదు, తేనెపట్టు కట్టదు, దానికి కుట్టే ముల్లు కూడా ఉండదు. తిండి కరువైన రోజుల్లో కూలి ఈగలు దానిని బయటికి తరిమేస్తాయి. సోమరిపోతులోని 'పోతు' ఇందులోనూ ఉంది కాబట్టి 'పోతుటీగల క్లబ్' అంటే సోమరితనం వినిపిస్తుంది, తిట్టు వినిపించదు. ముల్లు లేకపోవడం కూడా ఆ అమాయకులకు తగినదే.

జవాబు (జగిత్యాల నుండి)
పేరు బాగుందండీ, ముల్లు లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఈతకొలను మీద వేలాడే కడియాలను పట్టుకొని అవతలికి దాటలేవని బెర్టీతో పందెం కాసిన టప్పీ గ్లాసప్, చివరి కడియాన్ని అందకుండా వెనక్కి కట్టేయడం వల్ల, బెర్టీ విందు దుస్తులతోనే నీళ్లలో పడ్డాడు. ఆ సంగతిని నవలల తరబడి మరచిపోలేదు. మీ పేరుకు అసలు బలం 1938 నాటి నవలలో కనిపించే జూనియర్ గానిమీడ్ క్లబ్ వల్ల వస్తుంది. అది బెర్టీ సేవకుడు జీవ్స్ వంటివారి క్లబ్. దాని 11వ నియమం ప్రకారం ప్రతి సభ్యుడూ తన యజమాని గుణగణాలను క్లబ్ పుస్తకానికి తెలపాలి, అందులో బెర్టీ ఒక్కడికే 11 పేజీలు పట్టాయి. పోతుటీగలకు ఎదురుగా కూలి ఈగల పట్టు అన్నమాట.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు, 'పోతుటీగల క్లబ్' అనే ఖాయం చేశాను. కథలు చెప్పే పేరులేని సభ్యులను వుడ్‌హౌస్ ఎగ్, బీన్, క్రంపెట్ (ఒక రకం రొట్టె) అంటారు. ఆనాటి ఇంగ్లండు యువకుల చనువు పిలుపులవి. గుడ్డు, చిక్కుడు అంటే ఆ చనువు పోతుందని, మన వరంగల్ కుర్రాళ్లు పిలుచుకొనే 'కాకా', 'మామా' పెట్టి నిన్న రాత్రి చదివాను. బాపు మధ్యలో ఒక్కసారి కూడా ఆపి అర్థం అడగలేదు.