బల్లార్షా రైల్వే యార్డు చూడాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి?

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. మా అబ్బాయికి రైళ్ల పిచ్చి. దూరం నుంచే ముక్కు చూసి ఇంజన్ డబ్ల్యూఏజీ-9 (గూడ్స్ బండ్లు లాగే కరెంటు ఇంజన్) అవునో కాదో చెప్పేస్తాడు. ప్లాట్‌ఫారం టికెట్‌తో ఇన్నాళ్లూ సరిపెట్టాను, ఇప్పుడు వాడి కన్ను యార్డు (బండ్లు నిలిపి, పెట్టెలు విడదీసి జతచేసే చోటు) మీద పడింది. దొంగచాటుగా దూరడం నా వల్ల కాదు: 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అది నేరం. పైన 25 వేల వోల్టుల తీగ. షంటింగ్‌లో, అంటే పెట్టెలను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చేటప్పుడు, వదిలిన వ్యాగన్ హారన్ కొట్టదు, చప్పుడు లేకుండా మీదికొచ్చేస్తుంది. తలచుకుంటేనే టెన్షన్!

మా ఊరి స్టేషన్ బల్లార్షా నాగ్‌పూర్ రైల్వే డివిజన్‌ది, కాజీపేట వైపు లైను సికింద్రాబాద్‌ది. అర్జీ నాగ్‌పూర్ డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకే పెట్టాలా? పదమూడేళ్ల పిల్లాడిని రానిస్తారా? వెంట రైల్వే మనిషిని పంపుతారా? ఫొటోలకు వేరే అనుమతి కావాలా? ఇలా వెళ్లొచ్చినవాళ్లుంటే అర్జీలో ఏం రాశారో కాస్త చెప్పండి.