సుడోకు, పజిల్ గ్రాండ్ ప్రి రాసేవాళ్లు ఎలా ప్రాక్టీస్ చేస్తున్నారు?

కాకినాడ_కుర్రాడు
అందరికీ నమస్కారం. పేపర్లో వచ్చే సుడోకు రోజూ చేస్తాను. 'కష్టం' అని రాసినవి కూడా పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఈసారి వరల్డ్ పజిల్ ఫెడరేషన్ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టే సుడోకు గ్రాండ్ ప్రి రాద్దామని ఉంది, వీలైతే పజిల్ గ్రాండ్ ప్రి కూడా. పాత రౌండు బుక్‌లెట్ ఒకటి తెరిచి చూస్తే మామూలు సుడోకులు కొన్నే ఉన్నాయి. మిగతావన్నీ గళ్ల మీద బాణాలు, థర్మామీటర్లు, చుక్కల గీతల డబ్బాలు గీసిన రకాలు. పజిల్ బుక్‌లెట్లో అయితే సగం పేర్లకు నోరే తిరగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? రోజుకు ఓ గంట, గంటన్నర తీరిక దొరుకుతుంది.

తొమ్మిదిగళ్లు
స్వాగతం తమ్ముడూ. ముందు సూచనల బుక్‌లెట్ పట్టుకో. పోటీకి కొన్ని రోజుల ముందే పెడతారు. ఏయే రకాలు వస్తాయి, ఒక్కోదాని నియమం ఏంటి, మార్కులెన్ని, జవాబు ఎలా ఎక్కించాలి, అన్నీ అందులోనే ఉంటాయి. అసలు పజిల్స్ ఉండవు, రకానికో ఉదాహరణ ఇస్తారు. రౌండుకు 90 నిమిషాలే కాబట్టి గడియారం మొదలయ్యాక నియమాలు చదువుతూ కూర్చుంటే ఎంత చురుకైనవాడికైనా కష్టమే.

నా పద్ధతి చెప్తా. బుక్‌లెట్ రాగానే ప్రతి రకం పక్కన ఒక గుర్తు పెట్టుకుంటాను: బాగా వచ్చు, వచ్చు కానీ నెమ్మది, అసలు ముఖమే తెలీదు. ఉన్న టైమంతా మధ్య గుంపు మీదే పెడతా. బాగా వచ్చిన రకాన్ని ఎంత రుద్దినా అర నిమిషం తగ్గుతుందేమో. నెమ్మదిగా చేసే రకంలో ఐదారు నిమిషాలు తగ్గించుకోవచ్చు. ముఖం తెలియనివాటిలో మార్కులు ఎక్కువున్నవి ఒకట్రెండు తీసుకుని మిగతావి వదిలేయడమే. అన్నీ నేర్చుకుందాం అనుకున్నావో, ఏదీ రాదు.

పాత రౌండ్లు గ్రాండ్ ప్రి సైట్లో దొరుకుతాయి. మన దేశంలో ఈ పోటీలు నడిపే లాజిక్ మాస్టర్స్ ఇండియా సైట్లో పాత పోటీల బుక్‌లెట్లు బోలెడున్నాయి. స్లిథర్‌లింక్, మసియు, నురికబె లాంటి జపాన్ రకాలకు పజ్.లింక్ సైట్ ఉచితం, లాగిన్ గొడవ కూడా లేదు.

వరంగల్_స్రవంతి
తొమ్మిదిగళ్లు అన్న చెప్పినదానికి ఇంకోటి కలుపుతా. మార్కుల పట్టిక చూసి చేసే వరుస ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. 60 మార్కుల పజిల్ ఒకటి ఉందనుకోండి, మనకు 25 నిమిషాలు పడుతుంది. అదే 15 మార్కులవి నాలుగు నిమిషాలకొకటి అవుతుంటే, 16 నిమిషాల్లో అవే 60 మార్కులు. లెక్క ఇంత తేలికగా ఉన్నా పోటీలో పెద్ద మార్కుల పజిల్ కనబడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. ముందే రాసి పెట్టుకున్న వరుస ఉంటే ఆ ఆశ కొంచెం అదుపులో ఉంటుంది.

ఇంకో మాట. మార్కులు పెట్టేది ముందుగా పరీక్షించి చూసినవాళ్ల టైమును బట్టి. వాళ్లందరూ చెయ్యి తిరిగినవాళ్లు. వాళ్లకు తేలికైంది మనకు తేలిక కావాలని లేదు. అందుకే ప్రాక్టీస్‌లో మీ టైములు రాసుకోండి, రకానికో లైను చాలు. నాకు స్కైస్క్రేపర్స్ రకంలో పడే ప్రతి నిమిషానికి వచ్చే మార్కులు, ఫిల్లొమినో రకంలో వచ్చేవాటికి దాదాపు రెట్టింపు. ఇది నోట్‌బుక్ చూస్తేనే తెలిసింది, ఊహిస్తే తెలిసేది కాదు.

పజిల్ మధ్యలో ఆగిపోయి రెండు మూడు నిమిషాలు కొత్త అంకె ఏదీ పడకపోతే వదిలి తర్వాతదానికి వెళ్లిపోండి. తిరిగొచ్చినప్పుడు చాలాసార్లు వెంటనే కనబడుతుంది.

లెక్కలమాస్టారు_ఒంగోలు
నేను రిటైరయ్యాక ఇందులోకి వచ్చినవాణ్ణి. వేగంలో మీ కుర్రాళ్లతో పోటీ పడలేను గానీ ఒక విషయం చెప్తాను. కొన్నిటిని ఆలోచించకూడదు, ఎక్కాల్లా నోటికి వచ్చేయాలి.

కిల్లర్ సుడోకు, కకురో చూడండి. రెండింటిలోనూ గళ్ల గుంపుకు మొత్తం ఇస్తారు, గుంపులో ఏ అంకే రెండుసార్లు రాదు. కిల్లర్‌లో ఆ గుంపే చుక్కల గీతల డబ్బా. రెండు గళ్ల మొత్తం 3 అయితే 1, 2. మొత్తం 4 అయితే 1, 3. అటు చివర 16 అంటే 7, 9, 17 అంటే 8, 9. మూడు గళ్లకు 6 అంటే 1, 2, 3, 7 అంటే 1, 2, 4. 23 అంటే 6, 8, 9, 24 అంటే 7, 8, 9. ఇవి వేరే రకంగా రావు. కిల్లర్‌లో అడ్డవరుస, నిలువువరుస, పెట్టె దేని మొత్తమైనా 45 కాబట్టి, ఒక పెట్టెలోని డబ్బాలన్నీ కూడి చూస్తే బయటికి పొడుచుకొచ్చిన గడి విలువ చాలాసార్లు దానంతటదే తేలుతుంది. నేను ప్రతి కిల్లర్‌నీ ఇక్కడినుంచే మొదలుపెడతాను.

స్లిథర్‌లింక్‌లోనూ అంతే. అందులో గళ్ల అంచుల వెంట ఒకే మూసిన గీత గీయాలి, గడిలోని అంకె దాని అంచుల్లో ఎన్నింటి మీద గీత పడుతుందో చెప్తుంది. రెండు 3లు పక్కపక్కన ఉంటే వాటి మధ్య గీత, ఆ రెండింటి అవతలి అంచుల గీతలు, మొత్తం మూడూ ఖాయం. మూలన 3 ఉంటే మూలను ఆనుకున్న రెండు గీతలూ వేసేయాలి. మూలన 1 ఉంటే ఆ రెండూ కొట్టేయాలి. 3లు ఐమూలగా ఉంటే రెండింటికీ బయటి మూల గీతలు పడతాయి. ఇవి ఎందుకు నిజమో ఒక్కసారి మీకు మీరే నిరూపించుకోండి, తర్వాత మళ్లీ ఆ దారిలో నడవకండి. పోటీలో గ్రిడ్ చూడగానే ఇవన్నీ పెన్సిలే వేసేయాలి.

ప్రతి అడ్డవరుసలో, నిలువువరుసలో, ప్రాంతంలో చెప్పినన్ని నక్షత్రాలు పెట్టే స్టార్ బ్యాటిల్‌లో చాలామంది పట్టించుకోని సంగతి: నక్షత్రాలు మూలల దగ్గర కూడా తగలకూడదు కాబట్టి ఏ 2×2 చతురస్రంలోనైనా ఒక్క నక్షత్రానికి మించి పట్టదు. రెండు నక్షత్రాల రకంలో ఒక ప్రాంతాన్ని సరిగ్గా రెండు 2×2 చతురస్రాల్లో సర్దగలిగితే ఒక్కోదానిలో ఒక్కోటి ఉండి తీరాలి. దీంతోనే సగం గళ్లు కొట్టేయొచ్చు.

రబ్బరుముక్క
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ అందరూ లాజిక్ లాజిక్ అంటారు, పోటీలో గెస్ కొట్టనివాడు ఎవడండీ? గడిలో 4 గానీ 7 గానీ అని తేలాక, 4 వేసి చూస్తా. తప్పితే 7. లాజిక్ వెతుక్కునేలోపు ఇది అయిపోతుంది. జవాబు మాత్రమే చూస్తారు, ఎలా వచ్చిందో అడగరు.

తొమ్మిదిగళ్లు
గెస్‌కి నేనూ వ్యతిరేకం కాదు. ఎక్కడ కొడుతున్నావన్నదే ముఖ్యం. వేసిన అంకె వల్ల వెంటనే అయిదారు గళ్లు నిండాలి, అప్పుడే తప్పో ఒప్పో త్వరగా తేలుతుంది. ఏ మూలనో ఒంటరి గడిలో వేస్తే రెండు నిమిషాల తర్వాత కూడా ఏమీ తేలదు. ఆపై రెండో గెస్, మూడో గెస్. చివరికి ఏ అంకె ఖాయమో ఏది ఊహో గుర్తుండదు. కాగితం మీద అయితే గెస్ మొదలైన చోటునుంచి రంగు పెన్సిల్ వాడు. తెర మీద అయితే వేరే రంగు అంకెలు.

గెస్ కంటే లాభసాటిది ఇంకోటుంది. పోటీ పజిల్‌కి జవాబు ఒక్కటే ఉంటుంది. ఒక ఎత్తు వేస్తే రెండు రకాలుగా పూర్తయ్యే ముక్క మిగిలిపోతుందంటే ఆ ఎత్తు తప్పన్నమాట. శుద్ధ లాజిక్ వాళ్లు ముక్కు విరుస్తారు, నేను మాత్రం మొహమాటం లేకుండా వాడతా.

లెక్కలమాస్టారు_ఒంగోలు
నేను ముక్కు విరిచేవాళ్లలో ఒకణ్ణే. నిరూపణ లేకుండా జవాబు రాస్తే నా క్లాసులో సున్నా. అయినా పోటీ మీది, మీ ఇష్టం.

డల్లాస్_బాబాయ్
కాగితమా, తెరా అన్నది ఎవరూ ఎత్తలేదు. నేను కాగితం మనిషిని. బుక్‌లెట్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, స్టార్ట్ నొక్కితేనే అది వస్తుంది. అంటే ప్రింట్ తీసే టైమూ మన 90 నిమిషాల్లోదే. అందుకే ముందురోజే ప్రింటర్లో కాగితాలు, ఇంకు చూసుకుంటా, ఏదో ఒక పేజీ ప్రింట్ తీసి సరిచూస్తా. పేజీలన్నీ వచ్చేదాకా ఆగను, మొదటి పేజీ రాగానే మొదలుపెడతా. 0.7 పెన్ పెన్సిళ్లు రెండు, మంచి రబ్బరు ఒకటి. 0.5 ములుకు తొందరలో విరుగుతుంది.

జవాబు ఎక్కించే పద్ధతి కూడా ప్రాక్టీస్ చేయాలి. సుడోకుకి మొత్తం గ్రిడ్ అడగరు, గుర్తు పెట్టిన వరుసల్లో అంకెలు టైప్ చేయాలి. స్టార్ బ్యాటిల్‌కి అయితే ఒక్కో వరుసలో మొదటి నక్షత్రం ఎన్నో నిలువువరుసలో ఉందో అడుగుతారు. రెండంకెల సంఖ్య వస్తే చివరి అంకె ఒక్కటే రాయమంటారు. ఇవి చిన్న విషయాల్లాగే ఉంటాయి. చివరి పది నిమిషాల్లో కళ్లు బైర్లు కమ్ముతున్నప్పుడు ఒక అంకె అటూ ఇటూ అయితే సరిగ్గా చేసిన పజిల్ కూడా పోయినట్టే. చేసినదాన్ని చేసినట్టే ఎక్కించేయండి, అన్నీ చివర్లో చూద్దాంలే అనుకోవద్దు.

రౌండు కొన్ని రోజులు తెరిచి ఉంటుంది కాబట్టి ఎప్పుడు కూర్చోవాలో మన చేతిలోనే ఉంటుంది. ఇక్కడ నేను ఆదివారం తెల్లవారుజామున కూర్చుంటా, ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఇండియాలో ఉన్నవాళ్లు ముగింపు టైమును ఇండియా టైములోకి మార్చుకుని చూసుకోండి. ఆఖరి గంటకు మాత్రం పెట్టుకోవద్దు.

వరంగల్_స్రవంతి
బాబాయ్, నేను తెర పార్టీ. మా ఇంట్లో ప్రింటర్ లేదు, జిరాక్స్ షాపువాళ్లు నా 90 నిమిషాల కోసం ఆగరు కదా. లాజిక్ మాస్టర్స్ పోటీల్లో చాలావాటికి తెర మీదే చేసే వీలుంది. బ్రౌజర్లోనే పజిల్ చేసే పెన్పా టూల్‌కి చెయ్యి అలవాటైతే గీతలు, నీడలు వేయడం కాగితం కంటే త్వరగా అవుతుంది, గెస్ తప్పితే వెనక్కి రావడం ఒక్క నొక్కు. సుడోకులో చిన్న అంకెలు వేసుకోవడానికీ హాయి. కానీ మౌస్ ఉండాలి. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద స్లిథర్‌లింక్ చేస్తే ఏడుపొస్తుంది. ఫోన్లో అయితే ప్రయత్నించకండి.

గడులగోపి
అందరికీ హాయ్. ఇప్పుడు నడుస్తున్న రౌండులో ఆ రెండో థర్మో సుడోకు ఎవరైనా చేశారా? మధ్య పెట్టెలో ఆగిపోయాను, చిన్న హింట్

మోడరేటర్
గోపి గారూ, రౌండు ఇంకా తెరిచే ఉంది. మూసేదాకా అందులోని పజిల్స్ గురించి ఇక్కడ గానీ, వాట్సాప్ గ్రూపుల్లో గానీ మాట్లాడకూడదు. పజిల్ నంబరు, కష్టమా తేలికా అన్నది కూడా వద్దు. మూసిన మర్నాడు దానికి వేరే చర్చ తెరుస్తాను, అప్పుడు థర్మో గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

కాకినాడ_కుర్రాడు
అందరికీ చాలా థాంక్స్. ఒక పిచ్చి ప్రశ్న. ఇంట్లో 'ఇది రాస్తే ఏమొస్తుంది' అని అడుగుతున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందని చెప్పాలా?

లెక్కలమాస్టారు_ఒంగోలు
ఉద్యోగం సంగతి చెప్పి ఇరుక్కోకు నాయనా. ఉన్నది చెప్పు. ప్రపంచ పజిల్ ఛాంపియన్‌షిప్ 1992లో న్యూయార్క్‌లో మొదలైంది, సుడోకుది 2006లో ఇటలీలోని లుక్కాలో. సుడోకు ఛాంపియన్‌షిప్ 2008లో మన గోవాలో జరిగింది, 2017లో రెండూ కలిపి బెంగళూరులో పెట్టారు. మన దేశం టీముల్ని ఎంపిక చేసేది లాజిక్ మాస్టర్స్ ఇండియా వాళ్లే, అందుకు ఏటా ఇండియన్ సుడోకు ఛాంపియన్‌షిప్, ఇండియన్ పజిల్ ఛాంపియన్‌షిప్ నిర్వహిస్తారు. గ్రాండ్ ప్రి అందరికీ తెరిచిన పోటీ, ఫీజు లేదు. ప్రపంచ పోటీల్లో 18 లోపు వాళ్లకూ 50 దాటినవాళ్లకూ వేరే ర్యాంకులుంటాయి. ఆ రెండో గుంపు లిస్టులో నా పేరు పైకి జరుగుతుంటే మా ఆవిడ కూడా 'ఏమొస్తుంది' అనడం మానేసింది.

రబ్బరుముక్క
నాకైతే మా ఇంట్లో ఆ గంటన్నర ఎవరూ పిలవరు, అదే పెద్ద ప్రైజు.

కాకినాడ_కుర్రాడు
మాస్టారూ, మీ మాటే అమ్మకు చదివి వినిపించాను, నవ్వి ఊరుకుంది. సుడోకు సూచనల బుక్‌లెట్ చదివి గుర్తులు పెట్టాను. కిల్లర్, ఐమూలల సుడోకు బాగా వచ్చినవి. థర్మో, యారో (బాణాల రకం) మధ్య గుంపు. మిగతావి ఈసారికి వదిలేస్తున్నా. పజిల్ గ్రాండ్ ప్రి తర్వాత చూస్తా. శనివారం పొద్దున కూర్చుందామనుకుంటే ఆ రోజు మా వీధిలో లైన్ల పని ఉంది, తొమ్మిది నుంచి రెండింటి దాకా కరెంటు ఉండదని మెసేజ్ వచ్చింది. లాప్‌టాప్ బ్యాటరీ రెండు గంటలు వస్తుంది, నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్. సరిపోతుందా?

డల్లాస్_బాబాయ్
సరిపోవచ్చు గానీ ఆ టెన్షన్ ఎందుకు? స్టార్ట్ నొక్కాక గడియారం కరెంటు కోసం ఆగదు. ఆదివారానికి మార్చుకో, రౌండు అప్పటికీ తెరిచే ఉంటుంది. శనివారం ఆ కరెంటు లేని టైములో పాత రౌండు ఒకటి ముందే ప్రింట్ తీసుకుని, 90 నిమిషాలు పెట్టుకుని చేసి చూడు. జవాబులు కూడా కాగితం మీద ఆ పద్ధతిలోనే రాయి.

వరంగల్_స్రవంతి
అవును, ఆదివారమే బెటర్. ఆ శనివారం రౌండు టైములు ఇక్కడ పెట్టు, ఏ వరుసలో చేస్తే బాగుంటుందో చూసి చెప్తాం. పాతదే కాబట్టి మోడరేటర్ గారికి కూడా అభ్యంతరం ఉండదు.